చెల్లని టిక్కెట్టు

నా వద్ద చదువుకున్న కుర్రవాడొకడు 2024 సెప్టెంబరులో పై చదువు నిమిత్తం బెర్లిన్ వెళ్ళాడు. తండ్రి ఆర్టీసీ కండక్టరు. వెళ్ళిన పది రోజులకు ఫోను చేశాడు. "మాస్టారూ, ఇక్కడ రైలు స్టేషన్లకు గేట్లు లేవండి!" అన్నాడు, కుశలప్రశ్నలైనా కాకుండానే.

అక్కడి భూగర్భ రైలును యూ-బాన్ అంటారట. మెట్లు దిగి నేరుగా బండి ఎక్కడమే. ఆపేవాడు లేడు, అడిగేవాడు లేడు. శుక్ర, శనివారాల్లో రాత్రంతా బండ్లు తిరుగుతాయి. సైకిలును కూడ పెట్టెలోకి ఎక్కించవచ్చు, దానికి వేరే టిక్కెట్టు. ఆదివారం దుకాణాలు మూస్తారని తెలియక మొదటి ఆదివారం మనవాడు రొట్టె ముక్కలతో గడిపాడు. (ఆదివారపు విరామం 1919 నాటి రాజ్యాంగంలోనే వ్రాసుకున్నారు, నేటికీ అమలులో ఉంది.) ఖాళీ ప్లాస్టిక్ సీసా తిరిగి ఇస్తే 25 సెంట్లు వస్తాయి. నా ఈడు వృద్ధులు చెత్తతొట్టెలలో వాటికై వెదకుతుంటారట. అది చూసి కొందరు సీసాను తొట్టెలో వేయక ప్రక్కన నిలబెట్టి పోతారని చెప్పినప్పుడు వాడి గొంతు మారింది.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. విద్యార్థి పాసు ఇంకా చేతికి రాలేదు. 3.50 యూరోలు పెట్టి టిక్కెట్టు కొన్నాడు గాని, ప్లాట్‌ఫారం మీది పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలని తెలియదు. తలుపులు మూసుకోగానే మామూలు దుస్తులలో ఉన్న ఇద్దరు లేచి తనిఖీ మొదలుపెట్టారు. జరిమానా 60 యూరోలు. మన లెక్కలో 5500 రూపాయలకు పైమాటే. "కొన్నానండీ, దొంగతనం చేయలేదండీ" అని నాతో పదేపదే అన్నాడు, నేనే తనిఖీ అధికారినైనట్లు.

ముద్ర వేయడానికి జర్మనులు వాడే మాటకు అక్షరార్థం 'విలువ తీసివేయడ'మట. విలువ తీస్తేనే టిక్కెట్టు చెల్లుతుంది! పండితుణ్ణి గనుక నాకు వెంటనే మన 'చెల్లు' గుర్తుకు వచ్చింది. నాణెం చెల్లడమూ, కాలం చెల్లడమూ ఒకే ధాతువు గదా. ఇది చెబితే వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నాన్నకు మాత్రం చెప్పకండి మాస్టారూ" అన్నాడు.

ఆ తండ్రిని నేనెరుగుదును. టిక్కెట్టు యంత్రాలు రాని రోజులలో బస్సు ప్రక్కకు ఆపించి, తలలు లెక్కపెట్టి, ఎస్సార్ వ్రాసుకొంటే గాని కదలనిచ్చేవాడు కాడు. తనిఖీలో టిక్కెట్టు లేని మనిషి దొరికితే సంజాయిషీ కండక్టరుదే.

తరువాతి ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చాడు. "మావాడు ఫోను చేశాడాండి?"

"చేశాడయ్యా. అక్కడి రైళ్ళలో కండక్టర్లు ఉండరట."

కాసేపు ఆలోచించాడు. "మరి జనాన్ని లెక్కపెట్టేదెవరండీ?"

నాకు నోటిదాకా వచ్చింది. గ్లాసు అందుకొని మంచినీళ్ళు త్రాగాను.