మా నాయన మెచ్చిన వాయిద్యగాళ్ళు

కచేరీ ముగిసి బయటికి వస్తున్నవారిని నిలబెట్టి అడిగి చూడండి. పాడినవారి పేరు చెబుతారు, యే కీర్తన బాగుందో చెబుతారు. మృదంగం యెవరంటే మాత్రం "యెవరో, బాగానే వాయించాడు" అంటారు. సినిమా పాటకైతే ఆ మాట గూడా దక్కదు. మేము చిన్నప్పటినుంచీ యీ "యెవరో"ల పక్షం. పాట మొదలయితే మా చెవి గొంతును వదిలిపెట్టి కిందికి దిగుతుంది. డోలు యెవరిది, దాని పక్కన బొంగురుగా నడిచే ఆ తీగ యెవరిది అని వెతుక్కుంటుంది. దీనికి కారణం వుంది గాని, అది చెప్పాలంటే యింటి గుట్టు కొంత విప్పాలి. (ఆఫీసు ఉత్తరాలు రాసి రాసి "మేము" అనడం చేతికి అలవాటయి పోయింది. పాఠకులు మన్నించాలి.)

మా మన్నళ్ళి బీదరు సీమలోని వూరు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం చీలినప్పుడు బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు బీదరు జిల్లానుంచి విడిపోయి అటు మెదకులో చేరాయి. చుట్టాలు అటూ యిటూ అయినారు. మా యింట్లో తెలుగు, బళ్ళో కన్నడం, బజారులో ఉర్దూ. పీర్ల పండుగ మాత్రం అందరిదీ. అలాయి గుండంలో మంట వేసి, దాని చుట్టూ యెగురుతూ వుంటే హలగె మోగేది. తెలుగులో డప్పు అనండి, కన్నడంలో హలగె అనండి, వస్తువు ఒకటే. కట్టె చట్రానికి బిగించిన తోలు, కుడిచేతిలో లావుపాటి సిర్ర, యెడమచేతిలో సన్నని చిటికెన పుల్ల. మధ్య మధ్య మంటకు చూపిస్తారు. చెమ్మ పోయి తోలు బిగిస్తుంది. బిగిసిందో లేదో వేలితో ఒక్కసారి తట్టి చూసుకొంటారు. ఆ తట్టు వినడానికే మేము గుండం దగ్గర నిలబడేవాళ్ళం.

మాకు పన్నెండేళ్ళప్పుడు ఒక పెద్దాయన మా ఆశ కనిపెట్టి హలగె మా భుజానికి తగిలించి, పుల్లలు చేతికిచ్చాడు. చెయ్యి పట్టుకొని రెండు దెబ్బలు నేర్పాడు. మూడో దెబ్బ మేమే వేశాము. నాలుగోది మా నాయన వేశాడు, వీపు మీద. హలగె పట్టే కులం వేరు, మా కులం వేరు గదా. యింటికి లాక్కుపోయి, బావి దగ్గర తలమీద నీళ్ళు పోసి, "మనింట్ల అది ముట్టరు" అన్నాడు. ఆ పెద్దాయనను గూడా యేవో మాటలన్నాడు. అవి యిక్కడ రాయలేము. మరునాటినుంచి ఆయన మా వాకిలి ముందునుంచి పోయేవాడు కాదు, సందులోనుంచి చుట్టు తిరిగి పోయేవాడు.

తరవాత మేము యే వాద్యమూ ముట్టలేదు. అలిగామని చెప్పలేము గాని, అడగబుద్ధి కాలేదు. వినడం మాత్రం యెవరు ఆపగలరు? మెట్రిక్ చదివే రోజుల్లో క్యాసెట్లు వచ్చిపడ్డాయి. శంకర్ నాగ్ తీసిన కన్నడ చిత్రం "గీతా" 1981 నాటిది, తెలుగు "గీతాంజలి" 1989 నాటిది. రెండింటికీ సంగీతం యిళయరాజా. ఆ పాటల అడుగున యింకొక పాట నడుస్తూ వుంటుంది. అది బాస్ గిటారు అని మాకు చాలా యేళ్ళకు గాని తెలియలేదు. నాలుగే తీగలు. గిటారు లావు తీగలు నాలుగింటికంటే సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతాయి. యిళయరాజాగారి దగ్గర చాలాకాలం దానిని వాయించినవారు శశిధరన్, డ్రమ్ములు పురుషోత్తమన్. క్యాసెట్ అట్టమీద వెతికితే పాడినవారు, రాసినవారు, తీసినవారు అందరూ వుండేవారు. వీళ్ళుండేవారు కాదు. ఆఫీసులో చేరిన తరవాత ఆ వరసలు మా బల్లమీద వేళ్ళతో వాయించి, హెడ్ గుమాస్తా చేత మాట పడ్డాము.

అదట్లా వుండగా, అయిదారేళ్ళ కిందట మా నాయనకు అందరూ గొణుగుతున్నారని అనుమానం పట్టుకొన్నది. "మెల్లగ మాట్లాడి నా ఆస్తి పంచుకుంటున్నరా?" అనేవాడు. ఆస్తి అంటే మూడెకరాలు. టీవీ అరుపుకు యిరుగు పొరుగు వచ్చి అడిగితే బీదరు తీసుకుపోయాము. డాక్టరు పరీక్ష చేసి గీతల కాగితం ఒకటి చూపించాడు. యెడమవైపు మంద్రధ్వనులు, కుడివైపు తారధ్వనులు. గీత యెడమన బాగానే బయలుదేరి, కుడికి పోయేసరికి దిగుడుబావి మెట్లలాగ దిగిపోయింది. ముసలితనపు చెవుడు సాధారణంగా యిట్లాగే వస్తుందట. స, శ, ఫ వంటి అక్షరాలు ముందు పోతాయి. అందుకని మాట వున్నట్లే వుంటుంది, యేమిటో తెలియదు. చెవిలో పెట్టుకొనే యంత్రం కొన్నాము. వారం రోజులు పెట్టుకొని, "గాలి మోత తప్ప ఏం లేదు" అని డబ్బాలో పెట్టాడు. నాటినుంచి మా యింట్లో ఒక పలక వచ్చింది. నాయన చిన్నప్పుడు కన్నడ బడిలో చదివినవాడు. మేము తెలుగు మాటను కన్నడ అక్షరాలలో రాసి చూపిస్తాము, ఆయన చదివి తెలుగులో జవాబు చెబుతాడు.

మావాడు డిప్లొమా చదువుతూ యెక్కడో పాత స్పీకరు పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. చోటు లేక నాయన మంచం పక్కనే పెట్టాడు. జేబు ఫోనులోని స్పీకరుకు యీ అడుగు ధ్వనులు పలికే శక్తి లేదు. బాస్ గిటారు లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. దానికి పెద్ద మూతే కావాలి. ఆ రాత్రి "గీతా" పాట పెట్టాము. నాయన చెయ్యి మంచం కోడుమీద వుంది. కొంతసేపటికి కళ్ళు తెరిచి, "ఎవడ్రా ఇది? కింద నడుస్తున్నడు?" అన్నాడు. మాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనకు గాయకుడు వినిపించడం లేదు, వయొలిన్లు వినిపించడం లేదు. శశిధరన్ వినిపిస్తున్నాడు. పలకమీద పేరు రాసి చూపించాము. "పిలగాడు మంచోడు" అన్నాడు.

యింట్లో యెవరమూ ఆయనతో మాట్లాడలేకుండా వుండగా వూరుగాని వూరివాళ్ళు వచ్చి మాట్లాడినట్టయింది. అది మొదలు రోజూ రాత్రి భోజనాలయిన తరవాత ఒక గంట మా నాయన దర్బారు.

బీటిల్స్ పెట్టాము. ఆ బృందంలో బాస్ వాయించే స్నేహితుడు 1961లో మానుకొంటే, పాల్ మెకార్ట్నీ మరొకరు లేక దానిని చేతికి తీసుకొన్నాడు. యెడమచేతివాటం మనిషి. "పాట కింద పాట పాడుతుండు" అన్నాడు నాయన. యిదే మాట పెద్ద పెద్ద విమర్శకులు పేజీలకు పేజీలు రాశారు. డ్రమ్ములు వాయించే రింగో స్టార్ గూడా యెడమచేతివాటమే గాని, కుడిచేతివాళ్ళకు అమర్చిన డ్రమ్ములే వాయిస్తాడు. అందువల్ల చేతులు మనం అనుకొన్న చోటికి గాక వేరే చోటికి పోతాయి. చిన్నతనంలో క్షయతో చాలాకాలం ఆసుపత్రిలో వుండి అక్కడే డ్రమ్ము మరిగాడు. నాయన తీర్పు: "ఎవ్వరికీ అడ్డం పోడు. సంసారం చేసేటోడు."

రోలింగ్ స్టోన్స్ చార్లీ వాట్స్ 1963నుంచి 2021 ఆగస్టులో పోయేదాకా ఒకే బృందంలో వున్నాడు. యెనిమిదేళ్ళకొకసారి బదిలీ అడిగే మావంటివారికి ఆశ్చర్యమే. ప్రధానమైన దెబ్బ వేసేటప్పుడు కుడిచెయ్యి తాళపు బిళ్ళలమీదనుంచి పైకి యెత్తేస్తాడు. ఆ దెబ్బ ఒక్కటే వినిపిస్తుంది. "తొందర లేదు వీనికి, నాగలి పట్టినోని లెక్క" అన్నాడు నాయన. వాట్స్ జాజ్ అభిమాని, మంచి సూట్లు తొడిగే మనిషి. నాగలి సంగతి మాత్రం మేము పూచీ పడము.

జేమ్స్ జేమర్సన్ దగ్గర మేము కొంచెం ఆగాలి. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు వాయించాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాడని చెబుతారు. వందల పాటలు లోకమంతా మోగుతూ వుంటే ఆయన పేరు యెవరికీ తెలియదు. 1971లో మార్విన్ గే రికార్డు అట్టమీద వాద్యగాళ్ళ పేర్లు వేసినప్పుడు ఆయన పేరు యెక్కింది. 1983లో పోయాడు. యిదంతా పలకమీద రాస్తే మూడుసార్లు తుడవవలసి వచ్చింది. నాయన చదివి, చాలాసేపు వూరుకొని, "పేరు లేకుండనే చేసిండు పాపం, గింత పని" అన్నాడు. ఆ పాట మళ్ళీ పెట్టమన్నాడు.

జాకో పాస్టోరియస్ విషయంలో మాకూ ఆయనకూ కుదరదు. అది మెట్లు లేని బాస్, గొంతులాగ జారుతుంది. మాకు ప్రాణం. నాయనకు నచ్చలేదు. "మాటలెక్కువ" అని కొట్టేశాడు. పై తీగలకు పోతే ఆయనకు వినిపించదు గనక అలా అంటాడని మా అభిప్రాయం. మా అభిప్రాయం ఆయన అడగలేదు.

మన వాళ్ళలో పాలక్కాడు మణి అయ్యరుగారి పాత రికార్డులు యెక్కువ వింటాడు. మృదంగం యెడమ ముఖానికి తడిపిన రవ్వముద్ద అంటిస్తారు, మోత లోతుగా రావడానికి. కుడి ముఖంమీది నల్లని మచ్చవల్లనే తోలు శ్రుతిలో పలుకుతుందని సి. వి. రామన్ 1920లోనే రాశాడు. విజయవాడ దండమూడి సుమతి రామమోహనరావుగారి వాదనం పెట్టి, వీరు స్త్రీ, 2021లో పద్మశ్రీ వచ్చింది అని రాస్తే నాయన నమ్మలేదు. ఫోటో చూపించాము. "మరి అప్పట్ల ఎవరు నేర్పిచ్చిన్రో" అన్నాడు. మేము పలకమీద యేమీ రాయలేదు.

జాకిర్ హుసేన్‌ను టీ ప్రకటన రోజులనుంచీ యెరుగును. 2024 డిసెంబరు 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో పోయారని తెలిసిన రాత్రి ఒక గంట గాదు, మూడు గంటలు విన్నాడు. తబలా జతలో యెడమది డగ్గా. మణికట్టుతో తోలు నొక్కి జరిపితే ఆ ఒక్క దెబ్బే కిందినుంచి మీదికి మూలిగినట్టు సాగుతుంది. కుడి తబలా టకటకలు ఆయనకు అందవు. డగ్గా అందుతుంది. సగం జాకిర్ హుసేన్ చాలునన్నాడు. స్కాట్లండులో ఎవెలిన్ గ్లెనీ అనే ఆవిడ పన్నెండేళ్ళకే దాదాపు పూర్తిగా వినికిడి పోగొట్టుకొని గూడా పేరుమోసిన వాద్యకారిణి అయింది, చెప్పులు విడిచి నేల అదురును పాదాలతో వింటుంది అని రాసి చూపించినాము. మరునాడు నాయన మంచం దిగి, పెట్టె దగ్గర నేలమీద వట్టి కాళ్ళతో కూర్చున్నాడు.

యిక పోయిన పీర్ల పండుగ. సాయంత్రం వీధి చివర హలగె మోగింది. యింట్లో పిలిస్తే పలకని మనిషి, వీధి చివర మోత విని తలయెత్తాడు. కర్ర పట్టుకొని వాకిట్లోకి వచ్చి, "ఆ ముసలాయన ఉన్నడా?" అని అడిగాడు. ముప్ఫయి అయిదేళ్ళ తరవాత ఆ వూసు. పోయి ఆరేళ్ళయిందని రాశాము. "నాకు చెప్పలేదేంది?" అన్నాడు కోపంగా. చెప్పాము. అప్పుడే ఆయన చెవులు మందగిస్తున్న రోజులు. మేము గట్టిగా గూడా చెప్పి వుండము.

వాయిస్తున్నవాడు ఆ పెద్దాయన మనుమడని రాస్తే, పిలవమన్నాడు. మేమే పోయి పిలిచాము. ఆ అబ్బాయి మా వాకిలి ముందు ఆగి, పక్క సందు వైపు చూశాడు. నాయన అరుగుమీద కుర్చీ వేయించి, "ఈడ కూసో" అన్నాడు. అబ్బాయి కూర్చోలేదు. నిలబడే వాయించాడు. నాయన అరచెయ్యి చట్రానికి ఆనించి వుంచాడు, అట్లా వుంచితే వాయించడం కష్టమని తెలిసి గూడా ఆ అబ్బాయి యేమీ అనలేదు. వాయించినంతసేపూ నాయన మా వైపు చూడలేదు. ఆ తరవాత పుల్లలు తీసుకొని మా చేతిలో పెట్టాడు. మేము వాయించింది తాళం తప్పింది. పిల్లలు నవ్వారు.

టీ వచ్చేలోగా మావాడు ఆ అబ్బాయిని లోపలికి తీసుకుపోయి పెట్టె చూపించి, లెడ్ జెప్పెలిన్ మొదటి రికార్డు పెట్టాడు. 1969 నాటిది. డ్రమ్ములు జాన్ బోన్హామ్. 1980లో ఆయన పోతే ఆ బృందమే ముగిసింది. అబ్బాయి కళ్ళు మూసుకొని విని, ఆ కింది పెద్ద డోలు యెన్ని కాళ్ళతో కొడుతున్నాడని అడిగాడు. ఒక్క కుడికాలితోనే అన్నాడు మావాడు. అబ్బాయి నమ్మలేదు. మళ్ళీ పెట్టమన్నాడు. అప్పటికి కుర్చీలో కూర్చున్నాడు, చూడలేదు మేము యెప్పుడు కూర్చున్నాడో. నాయన ఆ పక్కనే నేలమీద వట్టికాళ్ళు చాపుకొని, యింకా గట్టిగా పెట్టమని చెయ్యి వూపుతున్నాడు.