గువ్వలచెరువు దిగాలంటే

కడప వాళ్లకు గువ్వలచెరువు అంటే పాలకోవా. నాకు మాత్రం బ్రేకు ప్యాడ్లు. కర్నూలు నుంచి నంద్యాల, మైదుకూరు మీదుగా 40వ నంబరు జాతీయ రహదారిలో బ్రేకుకు పెద్ద పనుండదు. రాయచోటి వైపు నుంచి కడపకు ఘాట్ దిగేటప్పుడే దాని సత్తా తెలిసేది.

అందుకే కొట్లో ‘సిరామిక్ వేసుకో సార్, పొడి రాలదు’ అంటే వెంటనే తలూపను. చప్పుడు తక్కువ, చక్రం శుభ్రం, నిజమే. సెమీ మెటాలిక్ కాస్త కీచుమంటుంది, డిస్కునూ అరగదీస్తుంది. కానీ మే నెల ఎండలో నిండు బండితో దిగేవాడికి నా ఓటు దానికే. బిల్లివ్వని చౌక సరుకు ఏ రకమైనా వద్దు.

బిగించడం వేపచెట్టు కింద పనే. జాకీని ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండు పెట్టి, చక్రం విప్పి, కాలిపర్ కింది బోల్టు తీసి పైకెత్తితే పాత ప్యాడ్ కనబడుతుంది. మందం 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చాల్సిందే. పొడిని నోటితో ఊదొద్దు. పిస్టన్‌ను సి-క్లాంపుతో నిదానంగా నొక్కుతూ బ్రేక్ ఆయిల్ డబ్బా మీద ఓ కన్నేయాలి. పొంగి పడితే పెయింటు లేచిపోతుంది. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. ఇక ఘాట్‌లో గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలేసి దిగేవాడికి ఏ ప్యాడ్ కొనిచ్చినా ఒకటే.