దుర్గం సగం దాకా

మా జలదంకి వైపు పిల్లకాయలకు మంచంటే పుష్యమాసంలో వరి గెనాల మీద కమ్ముకునే పొగమంచే. గడ్డకట్టిన మంచు ఐసుబండి దగ్గర చూసిందే. అలాంటి పిల్లలకు 2015 ఏప్రిల్‌లో, ఒంటిపూట బడుల రోజుల్లో, మేము మంచుకొండల పాఠం చెప్పాల్సి వచ్చింది. అది ఏ పుస్తకంలోనూ లేదు.

మల్లి మస్తాన్ బాబు మా జిల్లావాడు. సంగం మండలం గాంధీ జనసంఘంలో 1974లో పుట్టాడు. కోరుకొండ సైనిక్ స్కూలులో చదివి జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్, కలకత్తా దాకా వెళ్లాడు. 2006లో అంటార్కిటికాలోని విన్సన్‌తో జనవరి 19న మొదలుపెట్టి, జులై 10న అలాస్కాలోని డెనాలీతో ముగించి, ఏడు ఖండాల ఏడు ఎత్తయిన శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కాడు. ఏడూ ఏడు వేర్వేరు వారాల్లో పడ్డాయి. ఎవరెస్టు ఎక్కిన మే 21 ఆదివారం. ఈ సంగతి చెప్పినప్పుడు ఒక పాప, 'ఆదివారం కూడా సెలవు లేదా సార్ ఆయనకి?' అని అడిగింది.

ఆయన 2015 మార్చి 24న చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని సెర్రో ట్రెస్ క్రూసెస్ మీదికి ఒంటరిగా వెళ్లాడు. ఆ శిఖరం 6,748 మీటర్లు. వాతావరణం పాడైందన్నారు, కనిపించడం లేదన్నారు. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన లేడని తెలిసింది. మాకు తెలిసిన ఇళ్లలో ఆ రోజు పొయ్యి మీద కూర మాడినా ఎవరూ లేవలేదు, టీవీ ముందే కూచున్నారు.

పిల్లలు గ్లోబు తెచ్చి మా ముందు పెట్టారు. మనకు ఎండలు ముదిరే వేళ అక్కడ శరదృతువని, కొండలెక్కే కాలం ముగిసే రోజులని చెప్పాం. మంచుకొండ ఎక్కేవాళ్లు అర్ధరాత్రో తెల్లవారుజామునో ఎందుకు బయల్దేరతారో కూడా చెప్పాం. రాత్రి చలికి మంచు గట్టిపడి కాలికి పట్టు దొరుకుతుంది. ఎండ పొడిచాక మెత్తబడి కాళ్లు దిగబడతాయి, పైనుంచి రాళ్లూ మంచుపెళ్లలూ జారతాయి. 'దమ్ము చేసిన మడి మాదిరి' అన్నాడు వెనక వరసలో ఒకడు. వాడు అంతకు ముందు ఏడు దాకా బాతుల మంద వెంట తిరిగినవాడు. నాయన తీసుకున్న అప్పుకింద పంపారు. మేము మూడుసార్లు ఇంటికి పోయి, ఒకసారి వాదులాడి తెచ్చాం. ఆ పాఠం తర్వాత వాడికి కొండ తప్ప వేరే ధ్యాస లేదు.

అందుకే ఆ ఏడు డిసెంబరులో, వానలు తెరిపిచ్చాక, పిల్లల్ని ఉదయగిరి దుర్గం ఎక్కిస్తామని మాటిచ్చాం. మూడు వేల అడుగులపైన ఎత్తు. గజపతుల చేతిలోని ఈ కోటను పట్టడానికి కృష్ణదేవరాయలంతటివాడు కూడా నెలల తరబడి కింద కాచుకు కూచోవాల్సి వచ్చింది. మేము ఒక్క పూటలో ఎక్కి దిగాలనుకున్నాం! చీకటితోనే ఆటోల్లో కలిగిరి, వింజమూరు దాటి పోయాం. పెద్దపిల్లలు పదకొండు మంది, మేము ముగ్గురు టీచర్లం. దారి చూపడానికి ఉదయగిరి కింద ఉండే మా చుట్టం, మామ వరస, తోడొచ్చాడు. కొండల్లో తేనె తీసే మనిషి.

సగం దాకా బాగానే ఎక్కాం. అక్కడ మబ్బు దిగింది. ముందు నడిచేవాళ్ల వీపులు కనబడటం మానేశాయి. మెట్ల రాళ్ల మీద నాచు, దాని మీద సన్న తుంపర. ఒక పాప జారి మోకాలు దోక్కుంది. మామ ఆగి ఒక బండ మీద అరచెయ్యి ఆనించాడు.

'రాయి చెమ్మగా ఉండాది. ఎక్కేది ఎట్టనో ఎక్కుతాం. దిగేది యాడ? ఈ పొద్దుకు చాలు, దిగండి.'

బాతుల పిల్లాడు కదల్లేదు. 'మస్తాన్ బాబు అయితే దిగుంటాడా సార్?' అన్నాడు.

మా ముగ్గురిలో ఎవరికీ నోరు రాలేదు. యానాది పిల్లాడికి 'వెనక్కి పో' అనే మాట కొత్త కాదు. చెరువు దగ్గర, మంచినీళ్ల కుళాయి దగ్గర, కచ్చేరి గుమ్మం దగ్గర మేమూ విన్నాం. టి.టి.సి. సీటు కాగితం పట్టుకుని పోయిన రోజున కూడా విన్నాం. ఆ మాట విని వెనక్కి తిరగొద్దనే కదా వాడికి బడిలో రోజూ చెబుతున్నాం. ఇప్పుడు మేమే ఆ మాట అంటున్నాం. కొండ చెప్పే 'వెనక్కి' వేరు, మనుషులు చెప్పే 'వెనక్కి' వేరు. కానీ ఆ తేడా తుంపరలో నిలబడి పదకొండేళ్లవాడికి చెప్పడం టి.టి.సి.లో ఎవరూ నేర్పలేదు.

కోరుకొండ బడిలో మస్తాన్ బాబు చూసి పెరిగిన విగ్రహం సంగతి గుర్తొచ్చింది. అదే బడిలో చదివిన లెఫ్టినెంట్ ఉదయ్ భాస్కర్ రావుది. 1985లో సైన్యం ఎవరెస్టు యాత్రలో, మంచు తుఫానులో సౌత్ కోల్ దగ్గర చనిపోయినవాళ్లలో ఆయన ఒకరు. అదే సమయంలో ఆయనతో పాటు ఇంకా ముగ్గురు. తిరిగిరాని మనిషిని చూసి ఒక పిల్లాడు కొండకెక్కాడు, చివరికి తనూ తిరిగిరాలేదు. వాళ్ల ధైర్యం మీద మాకు గౌరవం తగ్గదు. కానీ మా చేతిలో ఉన్నది వాళ్లమ్మలు నమ్మి పంపిన పదకొండు మంది.

'ఏడు కొండలెక్కినాయన ఏడు కొండలూ దిగాడు కూడా. దిగబట్టే ఇంకో కొండకు పోగలిగాడు' అని మాత్రం అన్నాం.

వాడు ఒప్పుకోలేదు. మెట్టు పక్కన నాలుగు రాళ్లు పేర్చి, మాట్లాడకుండా దిగాడు. జలదంకి వచ్చిందాకా మాట్లాడలేదు. మరుసటి రోజు బడికీ రాలేదు. మళ్లీ మందకు పోయాడేమోనని మేము పడ్డ భయం ఇంతంత కాదు. మూడో రోజు వచ్చాడు, జ్వరమంట.

ఫిబ్రవరిలో మళ్లీ పోయాం. ఈసారి తొమ్మిది మందే. వాడు అందరికంటే ముందు నడిచి తను పేర్చిన రాళ్ల దగ్గర ఆగాడు. పై రాయి పడిపోయి ఉంటే తీసి పెట్టాడు. మామ ఇంకా నాలుగు మెట్లు కిందున్నాడు. వాడు వంగి, పక్క బండ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు.

'ఆరింది సార్' అన్నాడు.