రెక్క ఎముక విరిగితే ముందుగా చూడవలసింది ఊపిరి



వీపు పైభాగాన, పక్కటెముకల మీద ఒదిగి ఉండే త్రికోణాకారపు పలుచని ఎముకను రెక్క ఎముక అంటాము. వైద్య పరిభాషలో దీని పేరు స్కాపులా. ముందూ వెనుకా దట్టమైన కండరాలు కాపు కాస్తుండటం వలన ఇది తేలికగా విరగదు. ఎముకల విరుగుళ్లన్నింటిలో దీని వాటా నూటికి ఒకటి మాత్రమే. అటువంటి ఎముక విరిగిందంటే దెబ్బ ఎంత బలమైనదో ఊహించుకోండి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో ఉద్యోగం చేసిన కాలంలో ఈ గాయంతో నా వద్దకు వచ్చినవారు ఎక్కువగా తాటిచెట్టు మీద నుంచి పడిన గీత కార్మికులు, రోడ్డు ప్రమాదాలకు గురైన మోటారు సైకిలు ప్రయాణికులు. ఒక గీత కార్మికుడు నాటువైద్యుని కట్టుతో మూడవ రోజున వచ్చాడు. "రెక్క ఒక్కటే నొస్తాంది సారూ, ఇంకేం లేదు" అన్నాడు. కానీ మాట మాటకూ ఆయాసపడుతున్నాడు. ఎక్స్‌రే తీస్తే పక్కటెముకలు మూడు విరిగి, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉన్నది. ముందు ఛాతీలో గొట్టం వేసి గాలి తీసివేశాము. భుజం సంగతి ఆ తరువాతనే చూశాము.

రెక్క ఎముక విరిగిన వారిలో చాలామందికి ఆపరేషన్ అవసరం లేదు. చేతికి రెండు మూడు వారాలు జోలె కట్టి, ఆ పైన వ్యాయామం చేయిస్తే చాలు. కొన్ని క్లిష్టమైన విరుగుళ్లు మాత్రం వేరు. దండ ఎముక తల ఇమిడే గిన్నె పగిలి, ముక్కల మధ్య నాలుగైదు మిల్లీమీటర్లకు మించి ఎత్తుపల్లాలు ఏర్పడితే కీలు త్వరగా అరిగిపోతుంది. గిన్నె కింది మెడభాగం రెండు సెంటీమీటర్లు పక్కకు జరిగినా, బాగా ఒరిగినా చేయి పైకి లేవదు. కంటె ఎముక కూడా విరిగి రెండూ తొలగిపోతే భుజానికి ఆధారమే ఉండదు. ఇవి మామూలు ఎక్స్‌రేలో స్పష్టంగా తెలియవు, త్రీడీ సీటీ స్కాన్ కావాలి.

ఆపరేషన్ సాధారణంగా వీపు వైపు నుంచి చేస్తారు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు రాబర్ట్ జ్యూడే పేరుతో ప్రసిద్ధమైన మార్గమిది. కండరాన్ని జాగ్రత్తగా లేపి, దానికి వెళ్లే నరాన్ని కాపాడుకుంటూ, ముక్కలను సరిచేసి సన్నని ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. రెండు వారాల లోపు చేస్తే మేలు. మూడు వారాలు దాటితే ముక్కలు వంకరగానే అతుక్కోవడం మొదలవుతుంది, విడదీయడం కష్టం. కట్లు మార్చుకుంటూ ఇంట్లో గడిపే రోజులు ఆ గడువులోనివేనని గుర్తుంచుకోండి.

ఆ కార్మికునికి తొమ్మిదవ రోజున వరంగల్‌లో ఆపరేషన్ జరిగింది. నాలుగు నెలలకు తల దువ్వుకోగలిగాడు. చెట్టెక్కడానికి ఏడాది పట్టింది. చేయి తలపైకి లేవకపోతే మోకు వేసే పని సాగదు, ఇల్లు గడవదు.

నేడు మహబూబాబాద్‌లో 2022 నుంచి, జనగామ, భూపాలపల్లిలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. ఎవరైనా పడితే చేయి పట్టి లాగి లేపకండి. చేతిని ఛాతీకి ఆనించి తువ్వాలుతో కట్టి, 108కు ఫోన్ చేయండి. ఆయాసం ఉన్నదా, వేళ్లు కదులుతున్నాయా, తిమ్మిరి ఉన్నదా గమనించి వైద్యునికి చెప్పండి. ఖర్చుకు భయపడి ఆగవద్దు, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ఆరోగ్యశ్రీ గురించి అడగండి. ఆపరేషన్ అయిన తరువాత వైద్యుడు చెప్పిన నాటి నుంచి, ముందుకు వంగి చేతిని లోలకంలా ఊపే వ్యాయామం రోజూ మానక చేయించండి.