చెట్టు కనిపిస్తేనే కల్లు!

తాండూరు అనగానే నాపరాయి, కందిపప్పు గుర్తొస్తాయి. అక్కడినుంచి కర్ణాటక సరిహద్దు వైపు సాగితే బషీరాబాద్. పట్నం నుంచి ఇటు వచ్చే చుట్టాలకు మాత్రం కల్లు మీదే మనసు. అదీ కల్తీ లేనిది!

అలాంటిది కావాలంటే దుకాణాన్ని కాదు, చెట్టును వెతుక్కోవాలి. చలికాలంలో ఈత, ఎండలు ముదిరేకొద్దీ తాడు. తెల్లారగట్ల గౌడు మోకు బిగించి ఎక్కి, దించిన లొట్టిలో కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కితే పులుపు, సాయంత్రానికి ఘాటు. గాలిలో, లొట్టిలో ఉండే ఈస్టు దాన్ని పులియబెడుతుంది. అలా రుచి మారడమే అసలు కల్లుకు గుర్తు. రోజంతా ఒకే రుచి, ఒక్క సీసాకే మొద్దునిద్ర... అయితే అనుమానించాల్సిందే.

చెట్లు తక్కువ, తాగేవారు ఎక్కువ. ఆ లోటును నీళ్లు, శాక్రిన్, క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రాజోలంతో పూడుస్తున్నారు. 2021 జనవరిలో వికారాబాద్ జిల్లాలోనే కల్లు తాగిన పలు గ్రామాలవాళ్లు ఆసుపత్రి పాలయ్యారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది. ఈ మందులకు అలవాటుపడ్డవారు హఠాత్తుగా మానేసినా వణుకు, ఫిట్స్, మతిభ్రమణం వస్తాయి. మాన్పించాలనుకునే ఇంటివాళ్లు ముందు డాక్టర్‌ను కలవాలి.

నష్టం తాగేవారికే కాదు. ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గీత కార్మికుడు దించేది రోజుకు కొన్ని లొట్లే. పొడి కలిపిన సీసాలకు లెక్కేలేదు. ఆ పోటీలో ఓడుతున్నది అతని కష్టమే.

అందుకే... కనుచూపు మేరలో చెట్టే లేనిచోట కల్లు పొంగిపొర్లుతుంటే, ఓ దండం పెట్టి కదలడమే మేలు!