ఆర్‌ఎంపీ గదిలోకి వేషం కట్టి వెళ్ళినవాళ్ళు



డిగ్రీ లేకుండా ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీల మాట ఎత్తినప్పుడల్లా మీ దగ్గర్నుంచి రెండు రకాల ఉత్తరాలొస్తాయి. “జనం ప్రాణాలతో చెలగాటమాడుతున్నారు, అందర్నీ మూయించాలి” అని కొందరు. “అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే తలుపు తీసేది ఆయనొక్కడే, ఆయన పొట్ట కొట్టకండి” అని ఇంకొందరు. రెండు మాటల్లోనూ నిజముంది కాబట్టి ఈ గొడవ తెగదు. అందుకే ఈసారి ఆ గదుల్లో ఏం జరుగుతుందో కొలిచి చూసినవాళ్ళ సంగతి చెబుతాను.

ఆ కొలత అంత తేలిక కాదు. ఛాతీనొప్పితో మనిషి వస్తే ఏం చేస్తారని డాక్టర్ని అడిగితే పుస్తకంలో ఉన్నది ఒప్పజెబుతారు. పక్కన కూర్చుని చూస్తే, ఎవరో చూస్తున్నారని జాగ్రత్తపడతారు. రోగిని అడుగుదామా అంటే, డాక్టరు బాగా మాట్లాడాడో కసురుకున్నాడో చెప్పగలడు గానీ తన జబ్బేమిటో తనకే తెలియదు. అందుకని జిష్ణు దాస్ అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు మన పగటివేషాల్లాంటి పద్ధతి పట్టుకున్నారు. మామూలు మనుషులకు గట్టిగా తర్ఫీదిచ్చి రోగులుగా పంపారు.

వేషాలు మూడు. ఒకరు ఛాతీలో నొప్పొచ్చిందంటారు. ఇంకొకరు రాత్రి ఊపిరాడలేదంటారు. మూడోవారు ఇంట్లో బిడ్డకు విరేచనాలవుతున్నాయని, బిడ్డను వెంటబెట్టుకోకుండా వస్తారు. అంతకుమించి తమంతట తాము నోరు విప్పరు. నొప్పి చేతిలోకి పాకిందా, చెమటలు పట్టాయా, బీడీ తాగుతావా అని డాక్టరు అడిగితేనే ముందే నేర్చుకున్న జవాబు చెబుతారు. విరేచనంలో రక్తం పడుతోందా అని అడగకపోతే ఆ కబురు వాళ్ళ కడుపులోనే ఉండిపోతుంది. సూది వేస్తానంటే ఏదో వంక చెప్పి తప్పించుకుంటారు. బయటికొచ్చాక, మరచిపోకముందే, లోపల ఏం అడిగారు, నాడి చూశారా, స్టెతస్కోపు పెట్టారా, ఏ మాత్రలిచ్చారు, ఎంత తీసుకున్నారు అన్నీ రాయించుకుంటారు.

ఈ పద్ధతిలో వచ్చిన ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. మధ్యప్రదేశ్ పల్లెల్లో ఈ వేషగాళ్ళు వెళ్ళిన వైద్యుల్లో మూడింట రెండొంతుల మందికి ఏ వైద్య డిగ్రీ లేదు. ఒక్కో రోగికి దక్కింది సగటున 3.6 నిమిషాలు. సరైన చికిత్స పడింది నూటికి 30 సార్లు.

ఇంతవరకూ మనం ఊహించిందే. నాకు నిద్రపట్టనివ్వనిది 2016లో వచ్చిన రెండో పరిశోధన. ఇందులో దాస్‌తో పాటు కార్తీక్ మురళీధరన్ కూడా ఉన్నారు. చోటు మళ్ళీ మధ్యప్రదేశ్ పల్లెలే. డిగ్రీ లేని ప్రైవేటు వైద్యుడు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోని వాళ్ళకంటే రోగితో ఎక్కువసేపు గడిపాడు, ఎక్కువ ప్రశ్నలడిగాడు. జబ్బు పట్టుకోవడంలో, మందివ్వడంలో ఇద్దరికీ తేడా కనపడలేదు. అక్కడితో ఆగకుండా, ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ బయట సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్న ఎంబీబీఎస్ డాక్టర్ల దగ్గరికి రెండు చోట్లకూ ఈ రోగుల్ని పంపారు. అదే డాక్టరు, అదే చదువు, అదే జబ్బు. సొంత క్లినిక్‌లో ఎక్కువ శ్రద్ధగా చూశారు, సరైన చికిత్స కూడా అక్కడే ఎక్కువగా ఇచ్చారు. పైగా ప్రభుత్వ వైద్యుల జీతానికీ వాళ్ళు పెట్టే శ్రద్ధకూ ఎక్కడా లంకె కుదరలేదు.

అలాగని ప్రైవేటు గొప్పదని చంకలు గుద్దుకోనక్కర్లేదు. అక్కర్లేని మందులు అంటగట్టడంలో ఎవరూ ఎవరికీ తీసిపోలేదు.

ఇక ఆర్‌ఎంపీలకు శిక్షణ ఇవ్వాలా, వద్దా? దీన్నీ పరీక్షించారు. పశ్చిమ బెంగాల్లోని బీర్భూమ్ జిల్లాలో అభిజిత్ చౌధురి అనే డాక్టరు, లివర్ ఫౌండేషన్ వాళ్ళు, అభిజిత్ బెనర్జీ, దాస్ తదితరులు కలిసి 304 మంది డిగ్రీలేని వైద్యుల్ని తీసుకుని, చీటీ వేసినట్టు సగం మందిని ఎంచి, 9 నెలలపాటు మొత్తం 150 గంటల తరగతులు చెప్పారు. తర్వాత మళ్ళీ వేషగాళ్ళు బయల్దేరారు. చదువుకున్న సగంలో సరైన వైద్యం సుమారు 8 శాతం పాయింట్లు పెరిగింది. అక్కర్లేని మందులు, యాంటీబయాటిక్‌లు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. ఎందుకు తగ్గుతాయి? ఆర్‌ఎంపీ సంపాదనంతా మందుల మీదే కదా! అన్నీ పాఠాలతో మారవు. మనమూ తక్కువవాళ్ళమేం కాదు. సూది వేయకుండా, సెలైన్ ఎక్కించకుండా పంపితే “ఈయనకేం తెలుసు” అని పక్కూరి డాక్టరు దగ్గరికి పోతాం.

మన దగ్గర కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో ఆర్‌ఎంపీలకు శిక్షణ మొదలై, తర్వాత ఆగిపోయింది. మళ్ళీ పెట్టమని వాళ్ళ సంఘాలు, వద్దని డాక్టర్ల సంఘం. నన్నడిగితే పెట్టాలి; ఏం చేయకూడదో ముందు చెప్పాలి. స్టెరాయిడ్ సూది, గర్భిణికి నొప్పుల ఇంజెక్షను, కమీషను కోసం ఫలానా ఆసుపత్రికే పంపడం, ఇవి మూడూ కూడని పనుల జాబితాలో మొదట ఉండాలి.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. 2017-18 జాతీయ శాంపిల్ సర్వేలో, కాన్పులు కాకుండా, ఒకసారి ఆసుపత్రిలో చేరితే వైద్యానికి అయిన సగటు ఖర్చు ప్రభుత్వాసుపత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845. ఈ దెబ్బ నుంచి కాపాడటానికే 2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చింది. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితి 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచారు. మంచిదే. కానీ అది ప్రధానంగా మంచం ఎక్కినవాళ్ళ కోసం. బీపీ, షుగరు మాత్రలకు, జ్వరానికి, దగ్గుకు చాలామందికి జేబే దిక్కు. గుండెపోటు ఆసుపత్రికి చేరేముందు ఏ ఆర్‌ఎంపీ గదిలోనో, ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ఓపీలోనో “గ్యాస్ నొప్పిలే” అనిపించుకుని రావచ్చు. ఆ తొలి కొద్ది నిమిషాల మీద మన ప్రభుత్వాల దృష్టి తక్కువ. బయోమెట్రిక్ హాజరుతో డాక్టరు వచ్చాడో లేదో తెలుస్తుంది. వచ్చి ఏమడిగాడో తెలియదు. రెండు రాష్ట్రాల్లోనూ ఏటా కొన్ని కేంద్రాలకు, ఆర్‌ఎంపీల దగ్గరికి కూడా, ఇలాంటి వేషగాళ్ళని పంపి చూడమని నా కోరిక. ఎవర్నీ సస్పెండు చేయడానికి కాదు. పేర్లు తీసేసి, ఏ ప్రశ్నలు అడగడం లేదో బయటపెడితే చాలు.

వచ్చే నెల మందుల ఖర్చు గురించి రాద్దామనుకుంటున్నాను. మీ ఊరి పీహెచ్‌సీలో బీపీ, షుగరు మాత్రలు నెల మొత్తానికి ఇస్తున్నారా, పది రోజులకిచ్చి మిగతావి బయట కొనుక్కోమంటున్నారా? పోస్టుకార్డు మీదైనా సరే, రాసి పంపండి. మీ పేరు అచ్చు వేయను.

ఇట్లు,
మీ ఉత్తరాల కోసం ఎదురుచూసే
మీ కాలమిస్టు