ఆషాఢం దాకా చూద్దాం

మా పెళ్ళి వైశాఖంలో అయింది. పదహారు రోజుల పండగ ముగిసిన మర్నాడు విజయనగరంలో ప్యాసింజరు బండి ఎక్కాం. నాతో ఒక ట్రంకు పెట్టె, రెండు ఆవకాయ జాడీలు, కొత్త కుక్కరు, కొత్త మొగుడు. బొబ్బిలి, పార్వతీపురం దాటేవరకూ కిటికీ దగ్గర ధైర్యంగానే కూర్చున్నాను. ఆ తర్వాత రెండు పక్కలా కొండలు దగ్గరపడ్డాయి. స్టేషను పలకల మీద ఒరియా అక్షరాలు గుండ్రంగా, అన్నీ ఒకేలా కనిపించాయి. అప్పుడు ఏడుపొచ్చింది.

మాది నెల్లిమర్ల. నాన్న జ్యూట్ మిల్లులో పనిచేశారు. సైరన్ వింటూ పెరిగినదాన్ని, మిల్లు నాకు కొత్త కాదు. ఊరే కొత్త. మా ఆయన రాయగడలో కాగితం మిల్లులో చేస్తారు. మూడేళ్ళు బదిలీ మీద తిరిగి తిరిగి, పెళ్ళికి ఆరు నెలల ముందే పని ఖాయం చేయించుకున్నారు. నా ఏడుపు చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. బండి రాయగడ చేరుతుండగా అన్నారు: "ఆషాఢానికి ఎలాగూ పుట్టింటికి వెళ్తావు కదా. అప్పటిదాకా చూద్దాం. నీకు మనసు పట్టకపోతే పని మానేసి నేనే విశాఖపట్నం వచ్చేస్తాను."

నేను సరే అన్నాను. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో అప్పటికి నాకు తెలీదు.

మేము దిగిన ఇల్లు వరసగా నాలుగు వాటాలున్న లైను ఇల్లు. అందరికీ ఒకటే కుళాయి. ఎడమపక్క వాటాలో ఒరియా వాళ్ళు. ఆవిడని లైనంతా "మావుసి" అంటారు, అంటే పిన్ని. కుడిపక్క వాటాలో తెలుగు తాతగారు, ఆయన కొడుకు సంసారం.

మొదటి రోజు బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళానో లేదో, మావుసి నన్ను చూసి "ఆసొ, ఆసొ" అంది. నాకు ఒళ్ళు మండింది. వచ్చిన రోజే నాకు ఆశ అంటుందేమిటి, నేనేం అడిగానని! బిందె నింపుకోకుండానే ఇంట్లోకి వచ్చేశాను. సాయంత్రం మా ఆయన వచ్చాక చెబితే పడీపడీ నవ్వారు. "ఆసొ అంటే రా అని, పిచ్చిదానా. నిన్ను ఇంట్లోకి రమ్మంది."

మర్నాడు సిగ్గుపడుతూ ఒక గిన్నెలో ఆవకాయ పట్టుకెళ్ళాను. ఆవిడ నాకు పఖాళ పెట్టింది. చూద్దును కదా, అది మన చద్దన్నమే. పక్కన బడి చూరా అని పెట్టింది. అదీ మన మినప వడియాలే! వేయించి, వెల్లుల్లి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ వేసి నలిపారు. ఇద్దరికీ భాష లేదు కాబట్టి తింటూ కూర్చున్నాం.

మా ఆయనకి మంగళవారం సెలవు. జ్యేష్ఠ మాసానికి నాలుగు మంగళవారాలు. వారానికి ఒక చోటు చూపిస్తానన్నారు.

మొదటి మంగళవారం మజ్జిగౌరమ్మ గుడి. ఒరియా వాళ్ళు మాఝిఘరియాణి అంటారు. రాయగడ స్టేషనుకి దగ్గరే. అమ్మవారికి ముఖం మాత్రమే దర్శనమిస్తుంది. ఇక్కడ కోట కట్టిన నందపురం రాజులు కోట నడిమింట్లో అమ్మవారిని నిలిపారని, అందుకే నడింటి అమ్మ అని పేరొచ్చిందని చెబుతారు. గుడి బయట కొత్త మోటారు సైకిళ్ళు, ఆటోలు పూజకి వరసగా నిలబెట్టారు. వాటిలో ఆంధ్రా నంబర్లు బోలెడు. గాజుల కొట్లో, కొబ్బరికాయల కొట్లో ఎక్కడ చూసినా తెలుగే. బేరం ఆడుతుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. గాజులకన్నా బేరమే బాగుంది.

ఆ రోజు సాయంత్రం తాతగార్ని అడిగాను, మీవాళ్ళు ఈ ఊరు ఎప్పుడొచ్చారని. ఆయన నవ్వి, "మేవెక్కడికీ రాలేదమ్మా" అన్నారు. ఇదంతా ఒకప్పుడు మద్రాసు రాజ్యంలో విశాఖపట్నం జిల్లాయేనట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యాక కోరాపుట్ జిల్లాలోకి వచ్చింది. 1992 అక్టోబరు 2న రాయగడే జిల్లా అయింది. "మా ఇంటోళ్ళు గుమ్మం దిగకుండానే మూడు జిల్లాలు తిరిగేరు" అన్నారు తాతగారు. పరాయి ఊరు వచ్చానని నేను రోజూ కుమిలిపోతుంటే, ఇక్కడ పుట్టిన తెలుగు మనిషికి నా బెంగ అర్థమే కాలేదు.

రెండో మంగళవారం హాతీపథర్. ఊరికి దగ్గర్లోనే నాగావళి ఒడ్డున పెద్ద పెద్ద నల్లరాళ్ళు, ఏనుగులు నీళ్ళలో పడుకున్నట్టు ఉంటాయి. ఎండాకాలం కావడంతో రాళ్ళ మధ్య నీళ్ళు సన్నగా జారుతున్నాయి. వానాకాలంలో మాత్రం రాళ్ళు పాకుడు పట్టి జారతాయి, పిల్లలతో వెళ్ళేవాళ్ళు జాగ్రత్త. నేను కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చుని, ఈ నది పేరేమిటని ఊరికే అడిగాను.

"నాగావళి. శ్రీకాకుళం వెళ్తుంది కదా, అదే."

మా అమ్మమ్మగారి ఊరు శ్రీకాకుళమే. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే మేం ఈదిన నది ఇదే. కలహండి కొండల్లో పుట్టి, ఈ రాళ్ళ మీదుగా దిగి, పార్వతీపురం వైపు వచ్చి, శ్రీకాకుళం దాటి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నేను బండెక్కి అంత దూరం వచ్చాననుకున్నాను, వచ్చింది అమ్మమ్మగారి ఏటికి ఎగువకే. ఒక పువ్వు తీసి నీళ్ళలో వదిలాను. మా ఆయన "అది తోటపల్లి బ్యారేజీ దగ్గర ఆగిపోతుందిలే" అన్నారు. ఆయన హాస్యం అలాగే ఉంటుంది.

మూడో మంగళవారం చెకాగుడ వేలాడే వంతెన. అదీ నాగావళి మీదే. నడిస్తే ఊగుతుంది. నేను తాడు వదలకుండా, కళ్ళు మూసుకుని దాటాను. అవతల ఒడ్డున మా ఆయన ఒరియాలో ఎవరితోనో గలగలా మాట్లాడుతున్నారు. ఆయనకి ఇక్కడ అందరూ తెలుసు. ఈ మనిషి ఇవన్నీ వదిలేసి వస్తానన్నారే అని మొదటిసారి అనిపించింది. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

ఆ వారమే బీ షిఫ్టు. పదింటికి వదిలితే పదిన్నరకి ఇంట్లో ఉండాలి. పదకొండయింది, పన్నెండయింది, ఆయన రాలేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. ఆ చీకట్లో మిల్లు వైపు నుంచి వచ్చే ప్రతి చప్పుడూ నాకు ఏదో జరిగినట్టే వినపడింది. మిల్లు ఇంట్లో పుట్టినదాన్ని కదా, ఏమేం జరగొచ్చో నాకు తెలుసు.

మా వాటాలో దీపం చూసి మావుసి వచ్చింది. నేను ఏడుస్తూ తెలుగులోనే చెప్పుకున్నాను. ఆవిడ రెండు వేళ్ళు చూపించి "డబల్, డబల్" అంది. తర్వాతి షిఫ్టు మనిషి రాకపోతే ఉన్నవాడే రెండో షిఫ్టూ చెయ్యాలి. డబల్ డ్యూటీకి ఏ భాషలోనైనా ఒకటే మాట. "కిఛి హెబొ నాహి" అంటూ చాప తెచ్చి నా గుమ్మంలోనే వేసింది. ఏమీ కాదు అని ఆ మాటకి అర్థం, తర్వాత తెలుసుకున్నాను. ఆవిడ భర్త సీ షిఫ్టుకి వెళ్ళాడు. ఆవిడకీ ఇంట్లో ఎవరూ లేరు. ఇద్దరం తెల్లవార్లూ గుమ్మంలోనే ఉన్నాం. ఆరున్నరకి రెండు సైకిళ్ళూ కలిసే వచ్చాయి.

నాలుగో మంగళవారం ఎక్కడికీ వెళ్ళలేదు. లైనులో ఆడవాళ్ళందరం కలిసి వడియాలు పెట్టాం. నాకు అంకెలు, కూరగాయల పేర్లు ఒరియాలో వచ్చేశాయి.

అమావాస్యనాడు నాన్న నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. మర్నాడే ఆషాఢం. కొత్త దంపతులు ఒక ఇంట్లో ఉండకూడదు. ఆ సంగతి విని మావుసి నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఆషాఢ విదియనాడు రథయాత్ర. జగన్నాథుడు గుడి వదిలి మావుసి ఇంటికి బయల్దేరే రోజు. ఆవిడ మాట తాతగారు తెలుగులో చెప్పారు: "దేవుడే మావుసి ఇంటికి వెళ్తుంటే, ఈ గుంట మావుసి ఇంటికి రాకుండా బండెక్కుతుందా అంటోంది."

నాన్నకి ఏం చెప్పాలో తోచలేదు. చివరికి మావుసే దారి చెప్పింది. పాడ్యమి రాత్రి, విదియ రాత్రి నేను ఆవిడ ఇంట్లో పడుకున్నాను. నాన్న, మా ఆయన మా వాటాలో. మధ్యలో ఒక్క గోడ. ఆషాఢానికి మాట పోలేదు, నాకు రథమూ పోలేదు. విదియనాడు జనంలో మావుసి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి తాడు అందించింది. అరచేతికి ఆ తాడు గరుకు ఇంకా గుర్తుంది.

ఆ రాత్రి నాన్న అడిగారు: "ఏటే అమ్మీ, పెద్ద సామాను కూడా సద్దీమంటావా?" పెట్టిన షరతు ఆయనకీ తెలుసన్నమాట.

"ట్రంకు పెట్టె వద్దు నాన్నా. రెండో ఆవకాయ జాడీ కూడా ఇక్కడే ఉంచు. శ్రావణంలో వచ్చాక కావాలి కదా" అన్నాను.

మా ఆయన ఏం అనలేదు. బయటికి వెళ్ళి సైకిలు తుడవడం మొదలుపెట్టారు. ఆ సైకిలు పొద్దున్నే తుడిచారు.

ఇది జరిగి మూడేళ్ళు. ఇప్పుడు బుధవారం వస్తే మావుసితో ఛాటికొన సంతకి వెళ్తుంటాను. నియమగిరి కొండల మీంచి డోంగ్రియా కోందులు పసుపు, అనాస, పనస తెస్తారు. మా లైనులోకి కిందటి నెల పాలకొండ నుంచి ఒక కొత్త పెళ్ళికూతురు వచ్చింది. బిందె పట్టుకుని కుళాయి దగ్గర బిక్కమొహంతో నిలబడింది. నేను గుమ్మంలోంచి పిలిచాను.

"ఆసొ, ఆసొ."

ఆ పిల్ల మొహం మాడ్చుకుని లోపలికి వెళ్ళిపోయింది. రేపు ఆవకాయ గిన్నె పట్టుకుని నేనే వెళ్ళాలి.